తొంభై రూపాయల జ్వరం
(బానిసత్వం పాఠాన్ని కథగా చదవడం, కథగా రాయడం)

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు పాత జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. నీళ్ళ పప్పు, పగిలిన ట్రంకుపెట్టె, దుప్పటి కోసం కొట్లాటలు. అవి మన పూర్వ విద్యార్థులందరూ ప్రతి ఏడూ రాస్తూనే ఉన్నారు. అందుకని ఈసారి ఒక పాఠం గురించి రాస్తున్నాను. నేను ఇదే హాస్టల్లో ఆరు నుంచి పది దాకా చదివి, ఇప్పుడు ఒక హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. ఏడాదిగా ఆదివారం సాయంత్రాలు ఇక్కడికి వచ్చి తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్ళతో కూర్చుంటున్నాను. ఆ కూర్చోవడంలో నుంచి వచ్చిన పాఠమిది.

మొదలుపెట్టింది 'ఏడు తరాలు'తో. అలెక్స్ హేలీ 1976లో ఇంగ్లీషులో ప్రచురించిన నవలను సహవాసి గారు తెలుగులోకి తెచ్చారు. మన జిల్లాల్లో సంఘాల ఆఫీసుల్లో, హాస్టల్ గదుల్లో, చేతులు మారి మారి అట్ట ఊడిపోయిన ఆ పుస్తకాన్ని చూడని పాతతరం విద్యార్థి ఉండడు. గాంబియా దేశంలో జుఫూరే అనే పల్లెలో పుట్టిన కుంటా కింటే మృదంగం చేసుకోవడానికి కట్టె కోసం అడవికి వెళ్ళి పట్టుబడతాడు. ఓడలో గొలుసులతో అమెరికా చేరతాడు. అక్కడ అతని పేరు తీసేసి 'టోబీ' అని పెడతారు. పారిపోయినందుకు పాదం నరికేస్తారు.

ఆ భాగం చదువుతుంటే గదిలో చప్పుడు లేదు. చదవడం అయ్యాక ఒక తమ్ముడు లేచి, "మన దేశంలో ఇలాంటివి లేవు కదా సార్!" అన్నాడు. వాడి ముఖంలో నిజంగానే ఊరట కనిపించింది. నేను వెంటనే జవాబు చెప్పలేదు. "మీ ఊళ్ళో జీతానికి ఉన్నవాడి గురించి ఒక కథ రాసుకురండి" అన్నాను.

మరుసటి ఆదివారం పదిహేడు కథలు వచ్చాయి. దాదాపు అన్నింట్లో ఒకడే ఆసామి. కోర మీసం, చేతిలో కొరడా, జీపు. ఆఖర్న హీరో వచ్చి కొడతాడు. నాకు నవ్వొచ్చింది గానీ తప్పు వాళ్ళది కాదు. మనకు తెలిసిన దుర్మార్గుడు సినిమాలో నుంచి వచ్చినవాడే. "మీ ఊళ్ళో కొరడా ఎవరి దగ్గరుందిరా?" అని అడిగితే ఒక్కడూ చెయ్యెత్తలేదు. "మరి మీ తాత ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళు ఎందుకున్నాడు?" అంటే, వెనక నుంచి చిన్నగా "బాకీ సార్" అని వినిపించింది.

అక్కడి నుంచి 'మాలపల్లి'కి వెళ్ళాం. ఉన్నవ లక్ష్మీనారాయణ గారిది మన గుంటూరు జిల్లా వేములూరుపాడు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్ళి, 1922లో రాయవెల్లూరు జైల్లో ఆ నవల రాశారు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఒక పల్లె కథకు దొరతనం అంతగా ఎందుకు ఉలిక్కిపడింది? అందులో తుపాకులేమీ లేవు. కూలి ధాన్యంగా కొలవాలా, డబ్బుగా ఇవ్వాలా అన్నదే గొడవ. ధరలు పెరిగిన రోజుల్లో ధాన్యంగా ఇస్తే కూలివాడికి కడుపు నిండుతుంది. డబ్బుగా ఇస్తే ఆసామికి మిగులుతుంది. ఆ కొలత దగ్గర కూలీల పక్షాన నిలబడిన సంగదాసు, చౌదరయ్య దెబ్బకు ప్రాణం వదులుతాడు. ఉన్నవ వారు పల్లెకు బయటి మనిషి. ఆయన మంచితనం ఆయన పాత్రల్లోకి కొంచెం ఎక్కువగానే దిగిందని నా అభిప్రాయం. రామదాసు అంత శాంతంగా ఉండగలడా అని పిల్లలు కూడా అడిగారు. అయినా దాస్యం కొలపాత్రలో ఉంటుందని పట్టుకున్న చూపు ఆయనది. బోయి భీమన్న గారి 'పాలేరు' నాటకంలో పాలేరు కుర్రవాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. ఆ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపినవాళ్ళు ఎందరో ఉన్నారంటారు. దాన్ని పిల్లలు ఒక్క గంటలో చదివేసి ఈలలు వేశారు.

తరువాతి ఆదివారం కథ రాయొద్దన్నాను. ఖాతా పుస్తకంలో ఒక పేజీ రాయమన్నాను. బోర్డు మీద లెక్క ఇచ్చాను. ఇది నేను కల్పించిందే. ఒక పిల్లవాడి తండ్రి ఆసామి దగ్గర 2,000 రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తీసుకుని, కొడుకును పశువుల దగ్గర జీతానికి పెట్టాడు. జీతం ఏడాదికి 1,000 రూపాయలు, అప్పులో జమ. వడ్డీ నెలకు 60 చొప్పున ఏడాదికి 720. పండక్కి చొక్కా లాగూ 120. నాగాలకు కోత 60. జ్వరం వస్తే మందులు 90. ఏడాది చివర బాకీ ఎంత?

అందరూ వేశారు. వెయ్యిలో 990 పోగా పది రూపాయలు మిగిలింది. బాకీ 1,990. "ఏడాదికి పది చొప్పున తీరాలంటే రెండు వందల ఏళ్ళు!" అని ఒకడు అరిచాడు. లెక్కల్లో ఎప్పుడూ ముందుండే పదో తరగతి కుర్రవాడు ఒప్పుకోలేదు. అసలు తగ్గితే వడ్డీ కూడా తగ్గుతుంది గదా అని కాగితం మీద ఏడాది తరువాత ఏడాది వేసుకుంటూ పోయాడు. అరగంట పట్టింది. "పద్నాలుగో ఏట తీరిపోద్ది సార్" అన్నాడు. వాడు చెప్పింది సరైనదే. పదేళ్ళ వయసులో చేరినవాడు ఇరవై నాలుగేళ్ళకు బయటపడతాడు.

అప్పుడు మూల నుంచి ఎనిమిదో తరగతి పిల్లవాడు అడిగాడు. వాడు మా గుంపులోకి పిలవకుండా వచ్చి కూర్చుంటుండేవాడు. "మొదటి ఏడు జ్వరం రెండుసార్లు వస్తే?"

మళ్ళీ వేశాం. ఇంకో 90 రూపాయలు ఖర్చు. బాకీ తగ్గకపోగా 2,080 అయింది. రెండో ఏడు వడ్డీయే 748 రూపాయల 80 పైసలు. జీతంలో అది పోగా 251 రూపాయల 20 పైసలు మిగిలితే, ఖర్చులు 270. బాకీ 2,098 రూపాయల 80 పైసలు. ఆ ఏడు అదనంగా జ్వరం రాకపోయినా పెరిగింది. ఇక ఏటా పెరుగుతూనే ఉంటుంది. పద్నాలుగేళ్ళలో తీరే బాకీ, ఒక్క జ్వరంతో ఎన్నటికీ తీరని బాకీ అయింది. ఎవరూ కొట్టలేదు. ఎవరూ కట్టెయ్యలేదు. ఖాతాలో ఒక్క తప్పుడు అంకె కూడా లేదు.

"ఇప్పుడు కథ రాయండి" అన్నాను. "ఆ రెండో జ్వరం వచ్చిన రాత్రి నుంచి మొదలుపెట్టండి."

ఆ కథల్లో మీసాలు లేవు. ఒకడు జ్వరం దాచిపెట్టి గేదెల వెంట పోయిన పిల్లవాడి గురించి రాశాడు, మందు కొనకుండా ఉండాలని. ఇంకొకడి కథలో ఆసామి భార్య మంచిది, పాలు కాచి ఇస్తుంది. ఆ పాల ఖరీదు కూడా ఖాతాలో ఎక్కిందా లేదా అన్నది ఆ పిల్లవాడి బెంగ. నేను పదేళ్ళుగా తెలుగు చెబుతున్నాను, ఇలాంటి బెంగ ఏ పాఠ్యపుస్తకంలోనూ చూడలేదు.

నవలలతో చరిత్ర చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. 'ఏడు తరాలు'లో హేలీ తన కుటుంబంలో చెప్పుకున్న కథలకు కల్పన కలిపాడు. అందులోని వంశవృక్షాన్ని తరువాత చరిత్రకారులు ప్రశ్నించారు. కాబట్టి నవల పక్కన అనుభవించినవాడి రాత కూడా పెట్టుకోవాలి. ఫ్రెడరిక్ డగ్లస్ బానిసగా పుట్టి, పారిపోయి, 1845లో తన కథ తనే రాసుకున్నాడు. బాల్టిమోర్‌లో యజమాని భార్య అక్షరాలు నేర్పుతుంటే యజమాని ఆపించాడు, చదువొస్తే బానిసగా పనికిరాడని. అప్పుడా పిల్లవాడు ఇంట్లో రొట్టె జేబులో వేసుకుని వీధిలో పేద తెల్ల పిల్లలకు ఇచ్చి, బదులుగా చదువు నేర్చుకున్నాడు. ఇది చెప్పగానే మావాళ్ళు మెస్సులో గుడ్డు ఇచ్చి హోంవర్కు చేయించుకునేవాళ్ళ పేర్లు చెప్పుకుని నవ్వారు. నవ్వనిచ్చాను.

చట్టం సంగతి కూడా చెప్పాలి. కథతో ఆపేస్తే సగం పాఠమే. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చి, 1975 అక్టోబరు 25 నుంచి అమలైంది. దాని ప్రకారం వెట్టివాడు విడుదల కావడమే కాదు, ఆ బాకీ కూడా రద్దవుతుంది. ఇది వెట్టి బాకీ కాదని నిరూపించుకోవలసింది అప్పు ఇచ్చినవాడే. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయేనని 1982లో సుప్రీంకోర్టు ఏషియాడ్ కూలీల కేసులో చెప్పింది. మన రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ గారు (1934–2010) ఒకవైపు వెట్టివాళ్ళను విడిపించడానికి, మరోవైపు మనలాంటి పిల్లల హాస్టళ్ళు, గురుకులాల కోసం పాటుపడ్డారు. ఆయనకు ఆ రెండూ వేరువేరు పనులు కావు. విడిపించిన పాలేరు కొడుకు చదువుకోకపోతే మళ్ళీ అదే గుమ్మం ఎక్కుతాడు గదా.

ఇక ఎనిమిదో తరగతి పిల్లవాడి సంగతి. సంక్రాంతి సెలవులకు ఊరెళ్ళి, ఇరవై రోజులు ఆలస్యంగా వచ్చాడు. చేతులు మండి ఎర్రగా ఉన్నాయి. మిరపకోత అని అడగకుండానే తెలిసింది. మనవైపు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఎన్ని బెంచీలు ఖాళీగా ఉంటాయో టీచర్లందరికీ తెలుసు. వాళ్ళమ్మ ఆపరేషన్‌కు ముఠా మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నారట. ఇంటిల్లిపాదీ కోతకు వస్తామని మాట. వాడూ ఆ ఇంటిల్లిపాదిలో ఒకడు.

ఇది వెట్టి అవునా కాదా అని మేం ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం. అప్పు తీసుకోవడం ఒక్కటే వెట్టి కాదు. ఆ అప్పు మూలంగా ఇంకో చోటికి పనికిపోయే హక్కు, ఊరు దాటే హక్కు, బజారు కూలి అడిగే హక్కు పోతే అది వెట్టి అని చట్టం చెబుతుంది. "వేరే చేను వాళ్ళు ఎక్కువిస్తామంటే మీ నాన్న పోవచ్చా?" అని ఒకడు అడిగాడు. వాడు చాలాసేపు ఆలోచించి, "అడగలేదు సార్, అడగొచ్చని తెలీదు" అన్నాడు. ఆ చేను రైతు కూడా కౌలుకు చేసి అప్పుల్లో ఉన్నవాడేనని వాడే చెప్పాడు. వార్డెన్ గారూ నేనూ వాళ్ళ ఊరెళ్ళి తండ్రితో, మేస్త్రీతో మాట్లాడాం. పిల్లవాడిని లెక్కలో నుంచి తీసేయడానికి మేస్త్రీ ఒప్పుకున్నాడు. పెద్దవాళ్ళ లెక్క అలాగే ఉంది. అడ్వాన్సులో ఎంత తెగిందో మేస్త్రీ పుస్తకంలో తప్ప ఆ ఇంట్లో ఎక్కడా రాసి లేదు.

కుంటా కింటే నెలపొడుపు కనిపించినప్పుడల్లా ఒక గులకరాయి సొరకాయ బుర్రలో వేసి తన వయసు లెక్క తనే పెట్టుకుంటాడు. మా అమ్మ మా నాయన జీతం రోజులకు గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. సున్నం వేసిన ఏడు ఆ గీతలు పోయాయని ఆసామి ఇంటి లెక్కే ఖాయమైంది. నేను ఇది చెప్పిన మర్నాడు ఆ పిల్లవాడు స్టోరు నుంచి ఇరవై రూపాయల నోటుబుక్కు కొని ఇంటికి పంపించాడు. చదువు రాని తల్లిదండ్రులు ఎవరితో రాయించుకుంటారంటే, అయిదో తరగతి చదివే చెల్లెలుందట.

వాడి కథ ఈ సంచికలో వేద్దామనుకున్నాం. రెండు పేజీలు రాసి ఆపాడు. అమ్మ ఆపరేషన్‌కు ఎంతయిందో, అందులో మేస్త్రీ ఇచ్చింది ఎంతో వాడికి సరిగ్గా తెలియదు. ఉజ్జాయింపుగా వేసుకోమన్నాను. కుదరదన్నాడు. వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు అడిగి రాసుకొస్తానన్నాడు.