ఇంజిన్ కన్నా ముందు బ్రేకులు

ప్రశ్న: ఒహాయోలో ఉంటాం. 1930 నాటి ఫోర్డ్ మోడల్-ఎ కారు కొన్నాను. ఇంట్లోనే పాత పద్ధతిలో, వేగంగా పోయే హాట్‌రాడ్‌గా మార్చాలని ఉంది. ముందు వీ-8 ఇంజిన్ బిగించవచ్చా? - ఓ పాఠకుడు

జవాబు: ఇంజిన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీ కారుకు కంపెనీ పెట్టిన ఇంజిన్ బలం 40 హార్స్‌పవరే. ఛాసిస్, కడ్డీలతో పనిచేసే బ్రేకులు ఆ లెక్కకే చేసినవి. 1932లో వచ్చిన ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ-8 బలమే 65. 1949 నాటి మెర్క్యురీ కారు వీ-8ది 110. అంత బలం మీద పడితే పలచటి ఛాసిస్ మెలి తిరుగుతుంది, పాత బ్రేకులు బండిని సమయానికి ఆపలేవు. అందుకే ముందు ఛాసిస్ పట్టాలకు లోపలివైపు ఉక్కు పలకలు వేయించి పెట్టెలా మూయించండి. తర్వాత బ్రేకులు, స్టీరింగ్ చూసుకోండి. ఇంజిన్ ఆ పైన.

కడ్డీ బ్రేకులు తీసేస్తే పాతదనం పోతుందని కొందరంటారు. ఆ వాదన నిలవదు. ఫోర్డ్ 1939లో హైడ్రాలిక్ బ్రేకులకు మారాక, కాలిఫోర్నియా కుర్రాళ్లు వాటినే పాత కార్లకు బిగించుకున్నారు. మీరూ 1939-48 నాటి సెట్టు వెతకండి. మాస్టర్ సిలిండర్ మాత్రం రెండు గదులది కొత్తది కొనండి. పాత ఒంటిగది రకంలో ఒకచోట లీకైతే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. కొత్త సిలిండర్ ఎలాగూ కారు అడుగున ఉండేదే, ఎవరికీ కనబడదు!

ఛాసిస్, స్టీరింగ్ వెల్డింగ్ సొంతంగా చేయకండి, సర్టిఫికెట్ ఉన్న వెల్డర్‌కే అప్పగించండి. పెడల్ మెత్తగా దిగినా, బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగినా రోడ్డెక్కించకుండా మెకానిక్‌కు చూపించండి.