రద్దీలో స్కేటింగు సాధన

ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున నివసించు మనకు మంచుపై జారు అవకాశము లేదు. చక్రముల స్కేటింగునే ఎరుగుదుము. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో రెండు కాంస్య పతకములు గెలిచినదియు చక్రములపైననే. అయినను మంచుపై సాధన చేయువారి చిక్కు తెలిసికొనదగినది.

సర్వజనులకు తెరచిన వేళలో అందరును సాధారణముగా గడియారపు ముల్లుకు ఎదురు దిశలో చుట్టుదురు. నడిమి చోటు సాధకులకు విడుతురు. ఆరు ప్రధానమైన గెంతులలో ఆక్సెల్ ఒక్కటే ముందుకు జారుచు లేచును. తక్కిన అయిదును వెనుకకు జారుచు లేచును. అన్నియు వెనుకకు జారుచునే దిగును. వీపున కన్నులు లేవు గదా! కావున మెడ త్రిప్పి చూచిన పిదపనే గెంతవలెను. పసిబిడ్డ అడ్డు వచ్చినచో మానవలెను. జనము మిక్కుటమైననాడు బ్లేడు అంచుపై వాలి వంపుగా జారుట నేర్చుటయే మేలని మా అభిప్రాయము. గెంతు లేచునది ఆ అంచు నుండియే.