ఇంటికి ఎర్తు ఎందుకు?

మాది దౌల్తాబాద్ దగ్గరి తండా. పోయిన ఎండాకాలం సెలవుల్లో అమ్మ తడిచేత్తో ఇనుప కూలర్ ముట్టుకున్నది. కరెంటు కొట్టి ఎల్లెలకల పడ్డది. దేవుని దయ వల్ల బతికింది. చూస్తే ప్లగ్గుకు మూడు పిన్నులున్నయి గాని ఇంటికి ఎర్తే లేదు.

ఎర్తు అంటే ఏమిటి? మూడింటిలో లావు, పొడుగు పిన్ను ఎర్తుది. దాని తీగ ఆకుపచ్చ రంగు. లోపలి తీగ చెడిపోయి కూలర్ ఇనుముకు తాకితే, కరెంటు ఈ తీగ వెంట భూమిలోకి పోతుంది. ఎక్కువ పోతే ఫ్యూజు కాలుతుంది. ఎర్తు లేకుంటే ముట్టుకున్న మనిషి నుండే భూమిలోకి పోతుంది.

పెట్టే పద్ధతి:
1. గోడకు 1.5 మీటర్ల దూరంలో లోతుగా గుంత తవ్వాలి.
2. 2.5 మీటర్ల పొడుగు, 40 మి.మీ. జీఐ పైపు నిలబెట్టాలి.
3. చుట్టూ ఒక వరుస బొగ్గు, ఒక వరుస ఉప్పు పోయాలి. బొగ్గు తేమను పట్టి ఉంచుతుంది. ఉప్పు వల్ల కరెంటు సులువుగా పోతుంది.
4. పైపుకు తీగను బోల్టుతో బిగించి మీటరు బోర్డు దాకా తేవాలి.

మొరం నేల తొందరగా ఆరుతుంది. అందుకే ఎండాకాలం గుంతలో నీళ్ళు పోయాలి.

జాగ్రత్త: గుంత మనం తవ్వవచ్చు. తీగ పని మాత్రం మెయిన్ బందు చేసి ఎలక్ట్రీషియనే చేయాలి. న్యూట్రల్ తీగను ఎర్తుకు బదులు కలపరాదు. ఎర్తుతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెడితే ఇంకా మంచిది.

మా ఇంట్లో నాయిన, నేను గుంత తవ్వినం. ఉప్పు ఎందుకని అమ్మ అడిగితే మా భాషలో చెప్పిన. ఈసారి ఇంటికి పోతే మీరూ చూసి, మీ అమ్మలకు చెప్పండి.

— 9వ తరగతి విద్యార్థిని