కారులో కురిసిన వాన ఎవరి ఖాతాలోకి?

ప్రశ్న: అయ్యా, కిందటేడు సన్‌రూఫ్ ఉన్న కారు రూ.14 లక్షలకు కొన్నాను. మొదటి పెద్ద వానకే డ్రైవర్ పక్క సీటు ముందు మ్యాట్ తడిసి ముద్దయింది. సర్వీస్ సెంటర్‌కు మూడుసార్లు తీసుకెళ్లాను. రెండుసార్లు ఏదో సీలెంట్ పూసి ‘అయిపోయింది సార్’ అన్నారు. మూడోసారి, ‘డ్రెయిన్ పైపుల్లో చెత్త పేరుకుంది, శుభ్రం చేయించుకోవాల్సింది మీరే, ఇది వారంటీలో రాదు’ అంటున్నారు. తలుపు తీస్తే ముక్కిన వాసన. పైన లైనింగ్ మీద పసుపు మరకలు. కొత్త కారు ఇమ్మని అడగొచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అడగొచ్చు. కాకపోతే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో మీ దగ్గర కాగితం ఉండాలి. ఇలాంటి కేసుల్లో చాలామంది తడిసిన సీటు ఫొటోలు పట్టుకుని వస్తారు. కారు తడిసిందని కంపెనీ కూడా ఒప్పుకుంటుంది. ఎందుకు తడిసిందన్న దగ్గరే గొడవంతా.

సన్‌రూఫ్ చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ నీటిని పూర్తిగా ఆపదు. కొంత నీరు లోపలికి దిగుతుందని తెలిసే, అద్దం కింద ఒక తొట్టిలాంటి ట్రే పెడతారు. దాని మూలల నుంచి సన్నటి పైపులు ముందు, వెనుక స్తంభాల్లోంచి కిందికి దిగి నీటిని బయటికి వదులుతాయి. వేపచెట్టు కింద నిలిపే కారైతే ఆకులూ దుమ్మూ చేరి ఆ పైపు పూడుకుపోవచ్చు. దాన్ని నిర్వహణ లోపమంటారు, భారం యజమానిదేనని కంపెనీ వాదిస్తుంది. అదే పైపు ఫ్యాక్టరీలో సరిగా తొడక్క ఊడిపోయినా, మడతపడినా, ట్రే పగిలి ఉన్నా, అద్దం సరైన ఎత్తులో కూర్చోకపోయినా తయారీ లోపం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(10)లో ‘లోపం’ అన్నది దీన్నే. లోపలికి కారిన నీరు రెండు సందర్భాల్లోనూ ఒకేలా కనిపిస్తుంది. చట్టం ముందు మాత్రం తేడా చాలా ఉంది.

అసలు అది వాన నీరేనా అన్నది ముందు తేల్చుకోండి. వాన లేని రోజుల్లో, ఏసీ వేసి చాలాసేపు నడిపాక కూడా మ్యాట్ తడుస్తుంటే అనుమానించాల్సింది ఏసీ డ్రెయిన్‌ని. వాన నీరే అనుకుంటే సన్‌రూఫ్ తెరిచి, ట్రే మూలలో మంచినీళ్ల సీసాతో కొద్దికొద్దిగా పోయండి. అది కారు కింద చక్రం దగ్గరో, తలుపు పక్కనో బయటపడాలి. ఒక్కో మూలా విడిగా చూడండి, వీడియో తీయండి. పంక్చర్ షాపు గాలితో మాత్రం పైపు ఊదించొద్దు. ఆ ఒత్తిడికి పైపు జాయింట్ ఊడితే, ‘మీరే పాడుచేశారు’ అనే మాట కంపెనీ చేతికి మీరే అందించినట్టు. బయట మెకానిక్ చేత లైనింగ్ విప్పించడం కూడా ఇప్పుడే వద్దు, సాక్ష్యం చెదిరిపోతుంది. డ్యాష్‌బోర్డు కింద ఉండే ఫ్యూజ్ బాక్స్ దాకా తడి చేరితే ఎలక్ట్రికల్ ఇబ్బందులు మొదలవుతాయి కాబట్టి, కేసు తేలేదాకా కారును వానలో నిలపకండి.

ఇక జాబ్‌కార్డు. సర్వీస్ అడ్వైజర్ అలవాటుగా ‘జనరల్ చెకప్’ అని రాసేస్తాడు. ఒప్పుకోకండి. ‘వాన పడితే ముందు ఎడమవైపు కాళ్ల దగ్గర నీరు చేరుతోంది’ అని మీ మాటల్లోనే రాయించండి. కారు తిరిగి తీసుకునేటప్పుడు ఏం తేలింది, ఏం మార్చారు అన్నది రాసి ఇమ్మనండి. నీటి పరీక్ష మీ కళ్లెదుట చేయమనండి. సమస్య తీరకపోతే సంతకం పక్కన ఆ ముక్క రాసి, ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. వారంటీలో చేసిన పనికి డబ్బు తీసుకోలేదు కాబట్టి కాగితం ఇవ్వక్కర్లేదనే మాట చెల్లదు.

మీ విషయంలో నాకు బలంగా కనిపించేది వాళ్ల మూడో జవాబే. పైపుల్లో చెత్తే కారణమైతే, మొదటి రెండుసార్లు సీలెంట్ ఎందుకు పూశారు? అప్పుడు పైపులు చూసి ఉంటే అవి బాగున్నట్టే. చూడకపోతే అది సేవా లోపం, సెక్షన్ 2(11) కిందికి వస్తుంది. తయారీ లోపం రుజువు కాకపోయినా ఈ వాదన నిలుస్తుంది.

ముందుగా డీలర్‌కూ, తయారీ కంపెనీకీ ఇద్దరికీ పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఇద్దరికీ ఎందుకంటే, డీలర్ చేసిన ప్రతి తప్పుకూ కంపెనీ దానంతటదే బాధ్యురాలు కాదని టాటా మోటార్స్ కేసులో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదులో కూడా ఎవరి తప్పు ఏదో విడదీసి రాయాలి. ఈలోగా 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. కొన్నిసార్లు వ్యవహారం అక్కడే తెగిపోతుంది.

తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన ధర రూ.50 లక్షల లోపు కాబట్టి అక్కడే. కంపెనీ కార్యాలయం ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. ధర రూ.10 లక్షలు దాటి 20 లక్షల లోపు ఉంటే రుసుము రూ.400. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, మహా అయితే మరో 15 రోజులు. ఈ గడువు దాటనివ్వరాదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. పరీక్ష అవసరమైన కేసు ఐదు నెలల్లో తేలాలని చట్టంలో ఉంది. కాగితం మీద మాట అది, ఓపిక పట్టక తప్పదు. ఫిర్యాదుకు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపే దాన్ని వేయాలి. ‘ఇంకోసారి చూస్తాం సార్’ అంటూ సర్వీస్ సెంటర్ మిమ్మల్ని తిప్పుతూ ఉంటే ఆ రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి.

ఫిర్యాదుతో పాటే నిపుణుడి పరిశీలనకు దరఖాస్తు పెట్టండి. సెక్షన్ 38 కింద కమిషన్ పరీక్షకు పంపవచ్చు, ఖర్చు ముందు మిమ్మల్నే జమ చేయమనవచ్చు. మీరే సొంతంగా తెచ్చుకున్న మెకానిక్ ఉత్తరం కంటే ఈ నివేదికకు విలువెక్కువ.

కొత్త కారు సంగతికొస్తే, ఆశ కొంచెం తగ్గించుకోండి. లోపమున్న భాగాన్ని మార్చాలన్నదే వారంటీ షరతైతే, మొత్తం కారు మార్చమనడం కుదరదని మారుతి ఉద్యోగ్ కేసులో 2006లోనే సుప్రీంకోర్టు అంది. స్వతంత్ర నిపుణుడు పుట్టుకతోనే తయారీ లోపమని తేలిస్తే డబ్బు వాపసు ఇవ్వాలని ఫియట్ ఇండియా కేసులో ఆదేశించింది. కాబట్టి కారు మార్పిడినో, డబ్బు వాపసునో మొదటి కోరికగా రాసి, అది కాకుంటే ట్రే, పైపులు, లైనింగ్, కార్పెట్ మార్చి వారంటీ పొడిగించాలని ప్రత్యామ్నాయంగా అడగండి. కారు షెడ్డులో ఉన్న రోజుల్లో క్యాబులకైన ఖర్చు, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు విడిగా. క్యాబు రసీదులు దాచారా?

టాపు మడిచే కన్వర్టిబుల్ కార్లవాళ్లకూ ఇదే దారి. వాటిలో నీరు దిగే చోట్లు ఇంకా ఎక్కువ: గుడ్డ టాపు కుట్లు, అద్దం పైకెళ్లి ఆనే రబ్బరు, టాపు మడిచి దాచే గుంత అడుగున ఉండే డ్రెయిన్లు. ధర రూ.50 లక్షలు దాటితే రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. మీ సొంత సంస్థ పేరు మీద కొన్న కారైతే, మీరు వినియోగదారులే కాదని అవతలివాళ్లు అనవచ్చు. డైరెక్టరు సొంత వాడకానికి కొన్న బెంజి కారు విషయంలో 2024లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. పాత కారు వ్యాపారి దగ్గర కొన్నా ఈ చట్టం వర్తిస్తుంది. తెలిసినవాళ్ల దగ్గర నేరుగా కొంటే వర్తించదు, సివిల్ కోర్టు తలుపు తట్టాల్సిందే. అలా కొనేవాళ్లు డబ్బు చేతికిచ్చే ముందు కార్ వాష్‌లో నిలబెట్టి పదినిమిషాలు నీళ్లు కొట్టించి, మ్యాట్ ఎత్తి చూసుకోవడం మేలు.