ఆగిన ముట్టు మళ్లీ రాదు

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. ముట్టు ఆగి ఎనిమిదేళ్లయింది. రెండు నెలలుగా లంగాకు అప్పుడప్పుడు ఎర్రమరక అవుతోంది. "మళ్లీ ముట్టు మొదలైంది, వేడి చేసుంటుంది" అని సబ్జా నీళ్లు తాగుతోంది. షుగరు, బీపీ ఉన్నాయి, మనిషి లావు. ఆసుపత్రికి రానంటోంది.
– ఒక కూతురు, ఆదోని

జవాబు: బట్టలు మీరు ఉతుకుతున్నారు కాబట్టే మీకు తెలిసిందనుకుంటాను. చాలా ఇళ్లలో ఇలాంటి మరక మొదట కంటపడేది కూతురికో కోడలికో. 12 నెలలు వరసగా రాకపోతే ముట్టు ఆగిపోయినట్టే. ఆ తర్వాత ఒక్క చుక్క కనిపించినా, అది గులాబిరంగు నీరైనా, గోధుమరంగు మరకైనా ముట్టు కాదు. సబ్జా నీళ్లకు తగ్గేదీ కాదు.

భయపెట్టడం లేదు. ఇలా కనిపించిన పదిమందిలో దాదాపు తొమ్మిది మందికి క్యాన్సర్ ఉండదు. లోపలి పొర పలచబడి ఎండిపోవడమో, పాలిప్ అనే చిన్న కండ పెరగడమో కారణమవుతుంది. అయితే గర్భసంచి క్యాన్సర్ వచ్చినవాళ్లలో పదికి తొమ్మిది మందికి మొదట కనిపించేది కూడా ఈ మరకే. రెండింటినీ మరక చూసి ఎవరూ విడదీయలేరు. పైగా ఒంట్లో కొవ్వు ఎక్కువగా ఉంటే అది ఈస్ట్రోజన్ తయారు చేస్తూనే ఉంటుంది. ముట్టు ఆగాక దానికి పగ్గం వేసే హార్మోను ఉండదు, లోపలి పొర మందమవుతుంది. షుగరు కూడా ఉంది కాబట్టి మీ అమ్మగారి విషయంలో ఆలస్యం వద్దు.

ఈ వారమే ఏరియా ఆసుపత్రిలో ఆడ డాక్టరుకు చూపించండి. కింది నుంచి చేసే స్కాన్‌కు బిందెడు నీళ్లు తాగి ఉగ్గబట్టుకోవాల్సిన పనిలేదు, సూదీ ఉండదు. ఈ మాట చెబితే సగం మంది తల్లులు దిగివస్తారు. పొర మందం 4 మిల్లీమీటర్లు దాటితే సన్నటి గొట్టంతో చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. పొర పలచగా ఉన్నా మరక ఆగకపోతే బయాప్సీ అడగండి. పాప్ స్మియర్ బాగుందంటే సరిపోదు, అది ముఖ్యంగా గర్భసంచి మూతిని చూసే పరీక్ష.

ప్రశ్న: నాకు 34. మగ్గం నేస్తాను. తెల్లబట్ట, నడుంనొప్పి. "గర్భసంచికి పుండు ఉంది, తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది" అన్నాడు మా ఆరెంపీ. మా వదిన తీయించుకుంది. నేనూ తీయించుకోనా?
– ఎమ్మిగనూరు

జవాబు: వద్దు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అంత క్యాన్సర్ మన దగ్గర లేదు, అంత భయం ఉంది. తెల్లబట్ట ఎక్కువగా ఇన్ఫెక్షన్, మాత్రలతో పోతుంది. 'పుండు' అన్నది చాలాసార్లు గర్భసంచి మూతి దగ్గరి ఎరుపే. నడుంనొప్పి మాటకొస్తే, గుంతమగ్గంలో కాళ్లు వేలాడేసి రోజంతా వంగి కూర్చునేవాళ్లకు నడుం నొయ్యకుంటే ఆశ్చర్యం. మూతి పరీక్ష మాత్రం చేయించండి. భర్తతో కలిశాక రక్తం కనిపించినా, వాసనతో నీరు పోతున్నా వెంటనే వెళ్లండి. బయాప్సీలో క్యాన్సర్ అని తేలితే వైద్యానికి ఒక్కరోజు కూడా వెనకాడొద్దు.

ప్రశ్న: నా భార్యకు గర్భసంచి క్యాన్సర్ ఆపరేషన్ కర్నూలులో అయింది. ఇప్పుడు కరెంటు పెడుతున్నారు. విరేచనాలు, నీరసం, నొప్పి. అన్నం ముట్టదు. మా అమ్మ ఆమెకు పళ్లెం, గ్లాసు వేరు పెట్టింది. ఇది అంటుకుంటుందా?
– పత్తి యార్డు హమాలీ, ఆదోని

జవాబు: పొత్తికడుపుకు కరెంటు (రేడియేషన్) పెట్టేటప్పుడు పేగుకూ తగులుతుంది, అందుకే విరేచనాలు. చాలామందికి అది ముగిసిన కొన్ని వారాలకు తగ్గుతుంది. అంతదాకా జొన్నరొట్టె, ఆకుకూర, కారం ఆపి గంజి, మెత్తటి పెరుగన్నం, అరటిపండు కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టండి. ఉగ్గాని అడిగితే కారం లేకుండా రెండు ముద్దలు ఇవ్వొచ్చు, బజ్జీ మాత్రం వద్దు. విరేచనానికి వెళ్లిన ప్రతిసారీ ఓఆర్‌ఎస్ తాగించండి. రోజుకు ఐదారుసార్లు దాటినా, రక్తం పడినా, జ్వరం వచ్చినా మర్నాడు చెబుదామనుకోక అదే రోజు ఆసుపత్రికి చెప్పండి.

నొప్పి మాత్రలు నొప్పి పెరిగేదాకా దాచిపెట్టకుండా టైముకు ఇవ్వండి. డాక్టరు మార్ఫిన్ రాస్తే అలవాటవుతుందని మానొద్దు, చెప్పిన మోతాదులో అది మంచి మందు. కాలు వాస్తే చూపించండి. నీరసం సోమరితనం కాదు. నీళ్ల బిందెలు మీరే మోయండి, మూటలెత్తే భుజాలకు అదో లెక్కా?

ఆడవాళ్లు అడగని మాట ఒకటుంది. కరెంటు తర్వాత యోనిమార్గం ఎండి ముడుచుకుపోవచ్చు. దానికి జెల్, డైలేటర్ ఉన్నాయి. డాక్టరును మీరే అడగండి, ఆమె అడగదు.

క్యాన్సర్ అంటుకోదు. బయటి మిషన్‌తో పెట్టిన కరెంటు ఒంట్లో మిగలదు. ఆ గ్లాసు, పళ్లెం ఈ పూటే తీసి మిగతావాటిలో కలిపేయండి.