పాత పికప్‌లో స్టీరింగ్ వదులు: లోపం ఎక్కడుందో పట్టేదెలా?

మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన పికప్ వ్యాన్ తెల్లవారుజామున కూరగాయల ట్రేలతో మార్కెట్‌కు బయలుదేరుతుంది. రోడ్డు తిన్నగానే ఉన్నా డ్రైవర్ స్టీరింగ్‌ను కొంచెం అటూ కొంచెం ఇటూ తిప్పుతూనే ఉండాలి. పాత బండి కదా, ఇంతేనని సరిపెట్టుకోవడం మామూలే. కానీ ఇది ఎక్కడో ఒక భాగం అరిగిందనడానికి సంకేతం. అదేదో కొద్దిపాటి భౌతికశాస్త్రంతో కనిపెట్టవచ్చు.

మూడు సెంటీమీటర్లతో ముప్పు

స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు కదలని ఆ కాస్త దూరాన్ని మెకానిక్‌లు 'ప్లే' అంటారు. 38 సెం.మీ. వ్యాసమున్న స్టీరింగ్ అంచు దగ్గర మొత్తం 3 సెం.మీ. ప్లే ఉందనుకుందాం. మధ్య నుంచి ఒక్కో వైపు 1.5 సెం.మీ., అంటే దాదాపు 4.5 డిగ్రీలు. స్టీరింగ్ 18 డిగ్రీలు తిరిగితే చక్రం 1 డిగ్రీ తిరిగే బండిలో ఇది పావు డిగ్రీకి సమానం.

చూడటానికి చిన్నదే. అయితే ముందు, వెనుక ఇరుసుల మధ్య 3 మీటర్ల దూరమున్న బండి గంటకు 60 కి.మీ. వేగంలో పావు డిగ్రీ మళ్లితే, ఒక సెకనులో సుమారు 20 సెం.మీ. పక్కకు జరుగుతుంది. రెండు సెకన్లకు అది 40 కాదు, 80 సెం.మీ. అవుతుంది. ఈ దూరం కాలవర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. ఇరుకు రోడ్డుపై ఎదురుగా లారీ వస్తుంటే ఆ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది.

గొలుసును వరుసగా చూడాలి

డ్రైవర్ చేతి కదలిక స్టీరింగ్ షాఫ్ట్, స్టీరింగ్ బాక్స్ లేదా ర్యాక్, టై రాడ్‌లు, వాటి ఎండ్‌ల మీదుగా చక్రానికి చేరుతుంది. ఒక్కో చోట అర మిల్లీమీటరు అరిగినా అవన్నీ కూడి స్టీరింగ్ దగ్గర పెద్ద ప్లేగా తెలుస్తాయి.

మొదటి పరీక్షకు ఇద్దరు కావాలి. బండి సమతలంగా ఉన్న నేలపై, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి ఉండాలి. పవర్ స్టీరింగ్ అయితే ఇంజిన్ నడుస్తుండాలి. ఒకరు స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ ఊపుతుంటే, రెండోవారు ఫ్యాన్, బెల్టులకు దూరంగా ఉండి ఒక్కో జాయింటును గమనించాలి. జాయింటుకు ఒక వైపు భాగం కదిలినా రెండో వైపు భాగం ఆలస్యంగా కదిలితే లోపం అక్కడే.

రెండో పరీక్షలో ఇంజిన్ ఆపి, ముందు చక్రాన్ని జాకీతో ఎత్తి, బండిని స్టాండ్‌పై నిలపాలి. జాకీని మాత్రమే నమ్మి కిందికి దూరకూడదు. చక్రాన్ని కుడి ఎడమల పట్టి ఊపితే ఆడుతోందంటే ముందుగా టై రాడ్ ఎండ్‌లను అనుమానించాలి. పైనా కిందా పట్టి ఊపితే ఆడుతోందంటే బేరింగ్ గానీ, బాల్ జాయింట్ లేదా కింగ్ పిన్ గానీ అరిగి ఉండవచ్చు. అప్పుడు ఒకరు బ్రేక్ తొక్కి పట్టుకోవాలి. ఆట ఆగితే లోపం బేరింగ్‌లో ఉన్నట్టు, ఆగకపోతే జాయింటులో ఉన్నట్టు.

వణుకు, లాగుడు, తేలిపోవడం

ఒక ప్రత్యేక వేగం దగ్గరే స్టీరింగ్ వణికితే ముందు టైర్ల బ్యాలెన్సింగ్ చూడాలి. 70 కి.మీ. వేగంలో చక్రం సెకనుకు దాదాపు 9 సార్లు తిరుగుతుంది. రిమ్ వద్ద 50 గ్రాముల తేడా ఉన్నా ప్రతి చుట్టులో సుమారు 3 కిలోల బరువంత బలంతో చక్రాన్ని కుదుపుతుంది. వదులైన జాయింట్లు ఆ కుదుపును ఇంకా పెంచుతాయి.

బండి ఒక వైపుకు లాగితే మొదట గాలి సరిచూడాలి. తర్వాత ముందు టైర్లను అటుదిటు మార్చాలి. లాగే వైపు కూడా మారితే తప్పు టైరుది. మారకపోతే అలైన్‌మెంట్, పట్టుకుపోయిన బ్రేక్ చూడాలి.

ముందు భాగమంతా గట్టిగా ఉన్నా బండి తేలుతున్నట్టుంటే వెనుక కమాన్ పట్టీల బుష్‌లు చూడాలి. అవి అరిగితే వెనుక ఇరుసే కొద్దిగా మళ్లుతుంది. వెనుక ఇరుసు దాటి బరువు వేసినా మీటసూత్రం ప్రకారం ముందు చక్రాలపై భారం తగ్గి, పట్టు సడలుతుంది.

తొందరపడి బిగించవద్దు

స్టీరింగ్ బాక్స్ పైని సర్దుబాటు స్క్రూను బిగిస్తే ప్లే వెంటనే తగ్గినట్టుంటుంది. కానీ అరిగిన టై రాడ్ ఎండ్ అలాగే ఉండిపోతుంది. పైగా అతిగా బిగిస్తే మలుపు తర్వాత స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాదు. అందుకే జాయింట్లన్నీ చూశాకే బాక్స్ జోలికి వెళ్లాలి, అదీ తయారీదారు చెప్పిన కొలత మేరకే. భాగాలు మార్చాక చివరగా అలైన్‌మెంట్ చేయించాలి.

టై రాడ్ ఎండ్ గానీ బాల్ జాయింట్ గానీ కంటికి కనిపించేంతగా ఆడుతుంటే, ఆ రోజు లోడు వేయకుండా బండిని ఆపేయడమే మేలు. ఆ జాయింట్ ఊడితే చక్రంపై డ్రైవర్‌కు ఇక అదుపు ఉండదు.