అడుగే ఆనవాలు

కర్నూలు జిల్లా కోడుమూరు పరిసర పల్లెలలో చెక్కభజన చూచినవారికి ఒక విషయం స్ఫురించక మానదు. పాట మారినా, తాళం వేగం పెరిగినా, వలయంగా నిలిచినవారి పాదాలు గతి తప్పవు. మోకాళ్ళు సడలించి ముందుకూ వెనుకకూ వేసే ఆ అడుగే ఆ కళకు ప్రాణం. ఏ నృత్యానికైనా ఆనవాలు వేషంలో గాక అడుగులోనే ఉంటుంది.

ఒకప్పుడు ఈ ఆనవాలును నిరూపించుకోవలసిన అవసరం తెలుగువారికి కలిగింది. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ నిర్వహించిన నృత్య సదస్సులో విస్సా అప్పారావు కూచిపూడిని గురించి ప్రసంగించారు. కూచిపూడి స్వతంత్ర శాస్త్రీయ నృత్యమా, లేక భరతనాట్యానికి ఒక శాఖయా అన్న వివాదం అప్పుడు తలెత్తింది. మరుసటి సంవత్సరం హైదరాబాదులో కూచిపూడిపై ప్రత్యేక సదస్సు జరిగింది.

ఆ సందేహం నిరాధారమైనది కాదు. రెండింటికీ పునాది అరమండి. పాదాలను ఇరుప్రక్కలకు త్రిప్పి, మోకాళ్ళను ప్రక్కలకు వంచి, వెన్ను నిటారుగా నిలిపే భంగిమ అది. హస్తముద్రలకు రెండింటికీ శాస్త్రాధారం ఉన్నది. అయితే భరతనాట్యంలో నర్తకి అరమండిని దృఢంగా నిలుపుకొంటుంది. చేతులు సరళరేఖలుగా చాచబడతాయి. పాదఘాతం స్పష్టంగా పడుతుంది. కూచిపూడిలో దేహం అలవలె ఊగుతుంది, అడుగులో చురుకుదనం, ఎగురుపాటు ఉంటాయి. భాగవతుల నాటకం నుండి పుట్టినది గనుక పాత్రధారి సంభాషణ పలుకుతాడు, నడకతోనే పాత్రను పరిచయం చేస్తాడు. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచుపై నిలిచి తాళం తప్పక కదలడం కూచిపూడికి ప్రత్యేకం.

పాశ్చాత్యుల బ్యాలేలోనూ ఇటువంటి భేదాలు కలవు. అక్కడ కాళ్ళను తుంటి నుండి బయటికి త్రిప్పడం, అయిదు పాదస్థానాలు అందరికీ సమానం. మోకాలు వంచడమూ ఉన్నది. కాని మన నర్తకి వంగి భూమిని తాకుతుంది, బ్యాలే నర్తకి వంగి గాలిలోకి లేస్తుంది. డెన్మార్కుకు చెందిన బోర్నన్‌విల్ పద్ధతిలో చేతులు నెమ్మదిగా క్రిందికి ఉండగా పాదాలు తేలికగా గెంతుతాయి. రష్యాలో వగనోవా రూపొందించిన పద్ధతిలో శిరస్సు, భుజాలు, చేతులు, కాళ్ళు ఒక్కటై కదులుతాయి. పాదస్థానాలు అవే అయినా పలుకు వేరు.

వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, అడుగులను క్రమబద్ధం చేసి, నృత్యనాటికలను రూపొందించారు. ఆ నాటికలనూ ప్రజలు బ్యాలేలనే పిలిచారు. నటరాజ రామకృష్ణ ఆలయ సంప్రదాయం నుండి లాస్యప్రధానమైన ఆంధ్రనాట్యాన్ని, జాయప సేనాని నృత్తరత్నావళి ఆధారంగా తాండవప్రధానమైన పేరిణిని పునరుద్ధరించారు. ఒకే తెలుగునేలపై అడుగులు ఎన్ని విధాలో!

ఏది గొప్పది అన్న ప్రశ్న అనవసరం. ప్రతి పద్ధతికీ తనదైన నియమం ఉంటుంది. ఒకదాని అడుగును మరొకదాని కొలతతో కొలిచినప్పుడే అన్యాయం జరుగుతుంది. ఢిల్లీ సదస్సులో తలెత్తిన వివాదం నేర్పే పాఠమిదే. చెక్కభజన అడుగును పల్లెవారి గెంతులుగా కొట్టివేసేవారికీ ఈ పాఠం వర్తిస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు
పాదఘాతం : పాదంతో నేలను కొట్టుట
లాస్యం : సుకుమారమైన నృత్యం
తాండవం : ఉద్ధతమైన నృత్యం

ప్రశ్నలు
1. కూచిపూడి, భరతనాట్య రీతుల అడుగులను పోల్చి వ్రాయండి.
2. ‘పాదస్థానాలు అవే అయినా పలుకు వేరు’ – వివరించండి.
3. మీ ఊరి జానపద నృత్యంలో ఒక అడుగును పరిశీలించి వర్ణించండి.